ఎడమపక్క రోడ్డు

"మా ఆవిడని పెరట్లోకి పంపితే పక్కింట్లో తేలుతుందండీ" అని మా ఆయన ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతోనూ అంటారు. వచ్చినవాళ్ళు నవ్వుతారు. సరిగ్గా అప్పుడే నేను కాఫీ గ్లాసులు పట్టుకుని వంటింట్లోంచి హాల్లోకి వస్తూంటాను కాబట్టి, దారి తప్పకుండా వచ్చినందుకు ఇంకోసారి నవ్వుతారు. ఇరవై రెండేళ్ళుగా ఈ జోకు చెక్కు చెదరలేదు. మొదట్లో కోపం వచ్చేది. తరవాత సిగ్గేసేది. ఆ తరవాత ఎప్పుడో, పన్ను పీకేముందు చిగుళ్ళకి సూదిమందు ఇస్తారు చూడండి, అలా అయిపోయింది. అక్కడేదో జరుగుతోందని తెలుస్తూనే ఉంటుంది. నొప్పి మాత్రం ఎవరిదో.

ఆ ఆదివారం పొద్దున్న ఇడ్లీ రేకులు పైకి తీస్తూంటే ఆవిరి మణికట్టుకి కొట్టింది. ఎర్రగా పొంగింది. చూశాను. చన్నీళ్ళ కింద పెట్టాలని గుర్తొచ్చేసరికి మిగిలిన రెండు రేకులూ కూడా తీసేశాను. బీరకాయ కూర, పప్పుచారు అప్పటికే అయిపోయాయి. కుక్కర్లో బియ్యం కడిగి, ఎసరు పోసి, మూత బిగించి స్టౌ మీదే ఉంచాను. పదకొండింటికి మా అత్తగారు రత్నమాణిక్యం గారు లైటర్ నొక్కితే చాలు.

"మూడు విజిళ్ళు రాగానే కట్టెయ్యండత్తయ్యా."

"కడతాలే. ఈ వయసులో ఈ పరుగేంటమ్మా నీకు?"

"పరుగు కాదత్తయ్యా. మ్యాపు చూసుకుంటూ జెండాలు వెతుక్కోవడం."

"దొరికినవి మనకిచ్చేస్తారా?"

"ఇవ్వరు. చూసి వచ్చెయ్యడమే."

"మరెందుకూ?"

గోడ గడియారం ఆరున్నర చూపిస్తోంది. ఏడింటికి కాలేజీ బస్సు.

నా పేరు జగదాంబ. మా నాయనమ్మ పేరు. భీమవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పదకొండేళ్ళుగా అసిస్టెంట్ లైబ్రేరియన్ని. ముప్ఫై రెండు వేల పుస్తకాల్లో ఏది ఏ బీరువాలో ఏ అరలో ఉందో లేచి చూడకుండా చెప్తాను. అయినా కాలేజీలో ఎవరైనా పెద్దమనిషి వస్తే, గులాబీల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడడానికి మొదట పిలిచేది నన్నే. మా యాజమాన్యానికి నిడదవోలులో డిగ్రీ కాలేజీ ఉంది. అక్కడ లైబ్రేరియన్ రిటైరయ్యారు. ఆ పోస్టు నాకిస్తామన్నారు. అసిస్టెంట్ కాదు, లైబ్రేరియన్. సోమవారం వెళ్ళి చేరాలి, లేదా రానని ఆ రోజే చెప్పెయ్యాలి. వేరే మనిషిని చూసుకుంటారు.

శనివారం భోజనాల దగ్గర ఆ మాట మళ్ళీ ఎత్తాను. మా ఆయన నిరంజన్ గారు పెరుగన్నంలోకి మాగాయ ముక్క వేసుకుంటూ నవ్వారు.

"నిడదవోలంటే జంక్షనే తల్లీ. ఒక ప్లాట్‌ఫారం ఎక్కబోయి ఇంకోటి ఎక్కావంటే వైజాగ్‌లో తేలతావు. అక్కణ్ణించి నిన్ను పట్టుకురావడానికి నేను షాపు మూసుకుని రావాలా?"

ఆయనది రొయ్యల ఫీడ్ షాపు. మూస్తే చెరువుల్లో రొయ్యలన్నీ పస్తుంటాయన్నట్టు మాట్లాడతారు.

"అమ్మకి గూగుల్ మ్యాపే అర్థం కాదు" అంది మా అమ్మాయి హారతి, తన ఫోన్లోంచి తల ఎత్తకుండా.

"అదేదో రేపు మ్యాపు పరుగంటున్నావు కదా" అన్నారాయన, హఠాత్తుగా ఉత్సాహం వచ్చి. "ఎన్ని జెండాలు?"

"పది."

"పందెం. పదీ కనుక్కుని టైముకి వచ్చావనుకో, సోమవారం నేనే స్వయంగా రైలెక్కిస్తా. రాలేదనుకో, ఈ నిడదవోలు గొడవ ఇంక ఈ ఇంట్లో వినబడకూడదు. సరేనా? అమ్మా, నువ్వే సాక్షి."

"పోన్లేరా, పాపం" అన్నారు అత్తగారు. "పదింట్లో అయిదు దొరికినా సంతోషమే."

నేను సరేనన్నాను. సరేనన్న తరవాత మజ్జిగ గిన్నె తీసి ఫ్రిజ్‌లో పెట్టాను. నా ఉద్యోగం సంగతి జెండాల మీద తేలడమేంటని అప్పుడు తట్టలేదు. గిన్నె మీద మూత సరిగ్గా పడిందో లేదోనని చూశాను, అంతే.

ఏటా మహిళా దినోత్సవానికి మా కాలేజీలో ముగ్గులు, కుర్చీలాట ఉండేవి. ఈసారి ఫిజికల్ డైరెక్టర్ దుర్గాసాయి గారికి కొత్తగా ఏదైనా చేయాలనిపించింది. ఓరియంటీరింగ్ అన్నారు. చేతికో మ్యాపు, దిక్కులు చూపే కంపాసు, ఓ అట్ట ఇస్తారు. మ్యాపులో ఎర్ర గుండ్రాలు గీసిన చోట్ల నారింజ, తెలుపు రంగుల జెండాలు కట్టి ఉంటాయి. ఒకటి నుంచి పది దాకా వరసగా వాటి దగ్గరికెళ్ళి, అక్కడ వేలాడే పంచ్‌తో అట్టకి చిల్లు పెట్టుకుని, గంటన్నరలో తిరిగి రావాలి. మొదటి బహుమతి నాన్‌స్టిక్ పెనాల సెట్టు.

భీమవరం నుంచి పెనుగొండ వెళ్ళే రోడ్డు మీద ఒక కొబ్బరితోటలో షామియానా వేశారు. చుట్టూ రొయ్యల చెరువులు. ఇరవై ఇద్దరం ఆడవాళ్ళం, అందరికీ గులాబీరంగు టీషర్టులు. చుడీదారు మీద టీషర్టు వేసుకుని, దాని మీద చున్నీ వేసుకోవాలో వద్దో తేలక, సగంమంది చున్నీ నడుముకి కట్టుకున్నాం. ఫైనలియర్ అమ్మాయి హర్షిత మాకు నియమాలు చెప్పింది. నేషనల్స్‌కి వెళ్ళొచ్చిన పిల్ల.

"మేడమ్స్, ఒక్కటే గుర్తుపెట్టుకోండి. దారి తప్పడం తప్పేం కాదు. తప్పామని తెలిశాక కూడా ముందుకి పోవడమే తప్పు. తెలియగానే ఆగిపోండి. ఆఖరుసారి మీరెక్కడున్నారో మీకు ఖచ్చితంగా తెలిసిన చోటికి వెనక్కి రండి. అక్కణ్ణించి మళ్ళీ మొదలెట్టండి."

విజిల్ ఊదారు.

మొదటి జెండా పెనుగొండ వైపు, చిన్న వంతెన దగ్గర. మ్యాపులో స్పష్టంగా ఉంది. రోడ్డు మీదకొచ్చి నిలబడ్డాను. ఈ రోడ్డు నాకు కొత్త కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఏడాదికి నాలుగైదుసార్లు పెనుగొండ అమ్మవారి గుడికి ఈ రోడ్డు మీదే వెళ్ళొస్తున్నాం. దూరంగా ఐస్ ఫ్యాక్టరీ నీళ్ళ ట్యాంకు కనబడింది. అమ్మయ్య అనుకున్నాను. ఐస్ ఫ్యాక్టరీ ఎప్పుడూ ఎడమచేతికే వస్తుంది. దాన్ని ఎడమపక్క ఉంచుకుని నడిస్తే పెనుగొండే. కంపాసు ముల్లు ఏదో వేరేగా చెప్తోంది. కంపాసు కంటే నేను చూసిన రోడ్డే నమ్మకం కదా. నడిచాను.

పదిహేను నిమిషాలు నడిచినా వంతెన రాలేదు. ఐస్ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చాను. లోపల ఐసు దిమ్మలు ఆడించే మర మోత. అప్పుడు కుడిపక్కకి చూశాను. అక్కడ రైసు మిల్లు ఉంది. పసుపుపచ్చ గోడలు, గోడ మీద వినాయకుడి బొమ్మ, పక్కన వంగిన తాడిచెట్టు. ఆ మిల్లు నాకు బాగా తెలుసు. కానీ అది ఇక్కడ ఉండకూడదు. అది వేరే చోట ఉండాలి. వేరే ఊళ్ళో ఉండాలి.

మిల్లుకీ ఫ్యాక్టరీకీ మధ్య, రోడ్డు మీద, చేతిలో మ్యాపు పట్టుకుని నిలబడిపోయాను. లారీ హారన్ కొడితే పక్కకి జరిగాను.

సంగతి నెమ్మదిగా అర్థమైంది. ఇరవై రెండేళ్ళుగా నేను ఈ రోడ్డు మీద మోటార్‌సైకిల్ వెనక, రెండు కాళ్ళూ ఎడమపక్కకి వేసుకుని, ఎడమపక్కకే తిరిగి కూర్చుని పోతున్నాను. వెళ్ళేటప్పుడు ఎడమపక్క ఉన్నదంతా చూశాను. వచ్చేటప్పుడు ఎడమపక్క ఉన్నదంతా చూశాను. కుడిపక్క నాకు మా ఆయన వీపు. వెళ్ళేటప్పటి ఎడమపక్క ఒక రోడ్డు, వచ్చేటప్పటి ఎడమపక్క ఇంకో రోడ్డు. మిల్లున్న రోడ్డు, ఐస్ ఫ్యాక్టరీ ఉన్న రోడ్డు. రెండూ ఒకటేనని, మిల్లూ ఫ్యాక్టరీ ఒకదానికొకటి ఎదురుగా నిలబడి ఉన్నాయని నాకు తెలీదు. ఫ్యాక్టరీ నాకు ఎడమచేతికి వచ్చేది తిరిగొచ్చేటప్పుడు. అంటే ఇప్పుడు నేను నడుస్తున్నది భీమవరం వైపు. ఇంటి వైపు.

ఈ రోడ్డొక్కటే కాదు, తణుకు రోడ్డూ అంతే, పాలకొల్లు రోడ్డూ అంతే. బజారూ, పుట్టిల్లూ, పిల్ల స్కూలూ అన్నీ అంతే. అన్నిటికీ నా దగ్గర ఎడమపక్క మాత్రమే ఉంది. పక్కకి తిరిగి కూర్చున్న మనిషికి ముందేం వస్తోందో కనబడదు. దాటిపోయింది కనబడుతుంది. ఇంటర్ చదివేటప్పుడు మా ఊరి నుంచి సైకిలు మీద వెళ్ళేదాన్ని. అప్పుడు దారి తప్పినట్టు గుర్తులేదు. తొక్కేది మనమే అయితే పక్కకి తిరిగి కూర్చోలేం కదా.

దీనికి ఏడుపో నవ్వో రావాలి. రెండూ రాలేదు. మణికట్టు మీద కాలిన చోట చెమట తగిలి చురుక్కుమంటుందేమోనని చూశాను. అదీ లేదు. వెనక్కి తిరిగాను.

వంతెన దొరికింది. జెండా దొరికింది. రెండు, మూడు కూడా దొరికాయి. నాలుగోది చెరువుల మధ్యలో, మూడో గట్టు చివర. ఐస్ ఫ్యాక్టరీ వెనక నుంచి గట్లు లెక్కపెట్టుకుంటూ పోవాలి. చెరువులు చూస్తే అన్నీ ఒకటే. అదే పచ్చటి నీళ్ళు, అవే ఏరేటర్ చక్రాలు నీళ్ళని చిలుకుతూ, అవే కొంగలు. ఒకటి. రెండు. ఫోన్ మోగింది. అత్తగారు.

"అమ్మాయ్, అల్లప్పచ్చడి ఎక్కడ చచ్చింది?"

"ఫ్రిజ్ పక్క అలమరలో అత్తయ్యా. రెండో అరలో, కారప్పొడి డబ్బా వెనక. స్టీలు మూత గాజుసీసా."

"కనబడ్డంలేదు."

"పైనుంచి రెండోది కాదండీ, కిందనుంచి రెండోది. డబ్బాని ఎడమకి జరపండి."

"ఆఁ, ఉంది. అబ్బాయి షర్టు ఇస్త్రీ చేసిందేనా?"

"తలుపు వెనక కొక్కేనికుంది. నీలం గళ్ళది."

"నా షుగరు మాత్ర?"

"టీవీ కింద సొరుగులో, కళ్ళజోడు పెట్టెలో పెట్టాను. తిన్నాక వేసుకోండి."

ఫోన్ పెట్టేశాను. రెండో గట్టు మీదున్నానా, మూడోదా? అడుగులు వేస్తూనే మాట్లాడాను. మూడే అయ్యుంటుంది. చివరిదాకా వెళ్ళాను. జెండా లేదు. పాత సిమెంటు తూము ఉంది, దాని అవతల కాలవ. గట్టు అక్కడితో సరి.

తూము పక్కన పాక ముందు ఒకావిడ మేత బస్తా విప్పుతోంది. చీర మోకాళ్ళ మీదికి దోపి, తలకి తువ్వాలు చుట్టుకుంది. చెరువు కాపలా మనిషి.

"ఏంటమ్మా, పొద్దుట్నించీ గులాబీ చొక్కాలేసుకుని ఆడోళ్ళందరూ గట్లెంట పరిగెడతన్నారు? ఎలక్షన్లొచ్చాయా?"

"కాదండీ. జెండా వెతుకుతున్నాను. ఇది మూడో గట్టేనా?"

"నాలుగోది. మూడోది అద్గదిగో, ఆ మోటారు షెడ్డు కనబడతందా, దానెంట. ఈ గట్టు ఇక్కడితో ఆగిపోద్ది తల్లీ. అవతలికి పోవాలంటే ఈదాలి."

కాసిని నీళ్ళిచ్చింది. పేరడిగాను. అప్పాయమ్మ.

"గట్లన్నీ ఒకేలా ఉన్నాయి. మీకెలా తెలుస్తుందండీ?"

"కాపరానికొచ్చిన మొదటేడు రోజూ తప్పిపోయేదాన్ని. సద్ది పట్టుకుని మా ఆయన చెరువనుకుని ఎవడి చెరువుకో ఎల్లిపోయేదాన్ని. మా ఆయన తిట్టేవోడు." ఆవిడ పకపకా నవ్వింది. "తప్పిపోగా తప్పిపోగా అన్నీ చూసేశా. ఇప్పుడు ఏ చెరువు ఎవరిదో, ఏ గట్టు ఏడకి పోద్దో నన్నడుగు. అదిగో, నీలం వల కట్టింది భీమరాజు గారిది. దాని పక్కది బేంకోళ్ళు పట్టుకుపోయారు. ఎప్పుడూ తప్పిపోనోడికి ఆడి చెరువొక్కటే తెలుస్తాది."

వెనక్కి నడిచి మూడో గట్టు పట్టుకునేసరికి గంట దాటింది.

ఏడో జెండా దాకా బాగానే వచ్చాను. తరవాత కొబ్బరితోటలో కాలిబాట రెండుగా చీలింది. మ్యాపు తిప్పి చూస్తూండగా చెట్ల మధ్యలో గులాబీరంగు వీపు కనబడింది. కంప్యూటర్ సైన్స్ సత్యశ్రీ గారు. గబగబా, ఎక్కడికెళ్తున్నారో బాగా తెలిసినట్టు నడుస్తున్నారు. నేను మ్యాపు మడిచేశాను. మడిచినట్టు నాకు తెలీదు. చాలాసేపయ్యాక చూసుకుంటే మడిచి ఉంది. ఒక వీపు ముందు కనబడగానే నా కాళ్ళు వాటంతటవే దాని వెనక పడ్డాయి. ఆవిడ వేగంగా నడిస్తే వేగంగా, మెల్లగా నడిస్తే మెల్లగా.

బాగా లోపలికెళ్ళాక ఆవిడ గిరుక్కున తిరిగారు.

"జగదాంబ గారూ! నా వెనక ఎందుకొస్తున్నారండీ?"

"మీరు ఎనిమిదో జెండాకి కదండీ..."

"ఏ జెండా లేదు, ఏ బొండా లేదు. గంటనించి బిగబట్టుకుని చస్తున్నాను. మహిళా దినోత్సవమట! ఇరవై ఇద్దరు ఆడవాళ్ళని తోలుకొచ్చి ఒక్క టాయిలెట్టు ఏర్పాటు చెయ్యలేదు. షామియానాకీ మైకుకీ మాత్రం గుర్తుంది. కాస్త అటు తిరిగి నిలబడండి, ఎవరైనా వస్తే దగ్గండి."

అటు తిరిగి నిలబడ్డాను. ఎవరూ రాలేదు. కొబ్బరాకుల మధ్య నుంచి మైకులో పేర్లు చదవడం వినబడింది. బహుమతులు ఇచ్చేస్తున్నారు. టైము అయిపోయిందన్న మాట. సత్యశ్రీ గారు "పోనీండి, పెనాలు ఇంట్లో ఉన్నాయి" అని షామియానా వైపు వెళ్ళిపోయారు. నేను ఎనిమిదోది వెతికి చిల్లు పెట్టుకున్నాను. ఎందుకో తెలీదు. అప్పటికే పందెం పోయింది.

షామియానాకి చేరేసరికి కుర్చీలు మడతపెడుతున్నారు. దుర్గాసాయి గారు వాచీ చూసుకుని "వచ్చేశారా మేడం! మీ కోసం పోలీసుల్ని పిలుద్దామనుకుంటున్నాం" అన్నారు. నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నా ముఖం మీద ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, నేను పెట్టుకోనక్కర్లేదు.

హర్షిత నా మ్యాపు తీసుకుని ఎర్ర పెన్ను ఇచ్చింది.

"మేడం, మీరు నిజంగా నడిచిన దారి గియ్యండి. పరుగయ్యాక మేం అందరం చేస్తాం. ఎక్కడ తప్పామో తెలుస్తుంది."

బల్ల మీద వంగి గీశాను. షామియానా నుంచి భీమవరం వైపు ఓ తోక. వెనక్కి. వంతెన. నాలుగో గట్టు, తూము, అప్పాయమ్మ పాక. వెనక్కి. మోటారు షెడ్డు. కొబ్బరితోటలో ఓ పెద్ద చుట్టు. పిల్లి ఆడుకున్న దారపుండలా వచ్చింది. హర్షిత ఆ గీత వెంబడి వేలు పోనిచ్చింది. నవ్వుతుందనుకున్నాను.

"ఫస్టొచ్చిన మేడం నాలుగు కిలోమీటర్లు నడిచారండీ. మీరు తొమ్మిదైనా నడిచి ఉంటారు" అంది. "ఈ మ్యాపులో మీరు చూడని మూల లేదు. నేనే ఆ తూము దాకా వెళ్ళలేదు. మ్యాపు మీ దగ్గర ఉంచుకోండి మేడం."

మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

అప్పుడే మా ఆయన బండి ఆగింది. పక్కనే భీమరాజు గారి చెరువు దగ్గర కొత్త ఫీడు సంగతి మాట్లాడే పని ఉంది, ముందు నన్ను ఎక్కించుకుని అక్కడికి వెళ్తానని చెప్పి ఉంచారు. నీలం గళ్ళ షర్టులో ఉన్నారు.

"ఎన్ని సార్, మా ఆవిడకి?" అని దుర్గాసాయి గారిని అడిగారు. నన్ను కాదు.

"ఎనిమిదండీ. కానీ టైము నలభై నిమిషాలు దాటింది. లాస్టు."

"నేను చెప్పలా!" ఆయన ముఖం వెలిగింది. ప్రేమగానే వెలిగింది, అదే విచిత్రం. "పెరట్లోకి పంపితే పక్కింట్లో తేలే రకం సార్. అసలు తిరిగొచ్చింది, అదే మీ బహుమతి." తరవాత నా వైపు తిరిగి, "సరే, నిడదవోలు గొడవ వదిలింది. ఎక్కు" అన్నారు.

ఎక్కాను. రెండు కాళ్ళూ ఎడమపక్కకి.

ఐస్ ఫ్యాక్టరీ దాటగానే ఆయన బండిని వెనక గట్ల మీదకి తిప్పారు. ఒకటి, రెండు, మూడు దాటి నాలుగో గట్టు ఎక్కించారు.

"ఇది తూము దగ్గర ఆగిపోతుందండీ" అన్నాను.

"ఏంటీ?"

"ఈ గట్టు. భీమరాజు గారి చెరువుకి మూడో గట్టు మీదనించి వెళ్ళాలి."

బండి ఆపకుండానే నవ్వారు. "నువ్వు నాకు దారి చెప్తున్నావా? మొన్న మొన్నే వచ్చానే ఇక్కడికి. కూర్చో బుద్ధిగా."

కూర్చున్నాను. ఎడమపక్క చెరువు, ఏరేటర్లు, కొంగలు దాటిపోయాయి. ముందేం వస్తోందో నాకు కనబడడంలేదు. కానీ తెలుసు. ఈ బండి మీద మొదటిసారి, చూడకుండానే తెలుసు. ఇంకో వంద గజాలు, యాభై, పాక, మేత బస్తాలు.

బ్రేకు పడింది. సిమెంటు తూము. అవతల కాలవ.

మా ఆయన కాసేపు కాలవకేసి చూశారు, అది తనకి చెప్పకుండా వచ్చి కూర్చున్నట్టు. బండి తిప్పబోతే వెనక చక్రం మెత్తటి మట్టిలో దిగబడింది. "దిగు, దిగు, నీ బరువుకే" అన్నారు. దిగాను. ఆయన ఫోన్ తీశారు.

"భీమరాజు గారూ, నమస్తే అండీ, నిరంజన్ని. ఆ, వచ్చేశాను, ఇక్కడే ఉన్నాను... ఇక్కడే, చెరువు పక్కన... గట్టు మీద అండీ... ఆ, కొబ్బరిచెట్లున్నాయి... ఏరేటర్లు తిరుగుతున్నాయి..."

అవతల భీమరాజు గారి గొంతు నా దాకా వినబడింది. "ఇక్కడ చెరువు కానిదేముందండీ? ఎటుపక్కున్నారో చెప్పండి!"

ఆయన చుట్టూ చూశారు. ఎటు చూసినా పచ్చటి నీళ్ళు. ముఖం మీద చెమట. ఆ ముఖం నాకు తెలుసు. పొద్దున్న రోడ్డు మధ్యలో నేను వేసుకున్న ముఖం అదే. నాకు సంతోషం కలిగిందని చెప్పలేను. జాలి కూడా కాదు. చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాను, అంతే. ఆయన ఇచ్చేశారు.

"నమస్తే అండి. జగదాంబని. ఐస్ ఫ్యాక్టరీ వెనక నాలుగో గట్టు చివర, తూము దగ్గరున్నాం. అప్పాయమ్మ గారి పాక పక్కన. వెనక్కెళ్ళి మూడో గట్టు ఎక్కి, మోటారు షెడ్డు దగ్గర కుడికి తిరిగితే నీలం వల కట్టిన చెరువు మీదే కదండీ?"

"అదే తల్లీ, అదే! బాగా చెప్పారు. మీరు ఈ ఊరి ఆడపడుచా?"

"కాదండి. పొద్దున్న ఇక్కడ తప్పిపోయాను."

పాక ముందు కూర్చున్న అప్పాయమ్మ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది. వచ్చి బండి వెనక ఓ చెయ్యి వేసింది, నేనో చెయ్యి వేశాను. చక్రం పైకి వచ్చింది. నా చుడీదారు మోకాళ్ళ దాకా బురద.

మా ఆయన బండి తిప్పి నిలబెట్టి, నా వైపు చూడకుండా, "ఎక్కు" అన్నారు.

ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేసి కూర్చున్నాను. బండి కాస్త ఊగింది. ఆయన వెనక్కి తిరిగి చూశారు. ఆయన భుజం మీదుగా గట్టు మొత్తం కనబడింది. కుడిపక్క చెరువు, ఎడమపక్క చెరువు, మధ్యలో మా దారి, దారికి ముందు ఏం వస్తోందో అది. అంతేనా అనిపించింది. ఇంతకాలం దాచిపెట్టినది ఇంతేనా.

"మూడో గట్టు ఏదీ?" అన్నారు.

పెళ్ళయ్యాక ఆయన నన్ను దారి అడగడం అదే మొదటిసారి. వేలు పెట్టి చూపించాను.

మూడో గట్టు ఎక్కాక, తనని తాను కూడదీసుకుని, గొంతు సవరించుకున్నారు. "ఏదైనా పందెం పందెమే జగదాంబా. సాక్షిగా మా అమ్మ ఉంది. ఎనిమిదే కదా దొరికాయి?"

మోటారు షెడ్డు దగ్గరపడుతోంది. మణికట్టు మీద కాలినచోట చురుక్కుమంది. కాలింది పొద్దున్న, మంట ఇప్పుడు. అల్లప్పచ్చడి కిందనుంచి రెండో అరలో, కారప్పొడి డబ్బా వెనక ఉందని చెప్పినప్పుడు ఏ గొంతు ఉందో, అదే గొంతుతో అన్నాను.

"ఎనిమిదేనండి. ఓడిపోయాను. రేపు పొద్దున్న రైలుకి నిడదవోలు వెళ్ళి చేరుతున్నాను. తప్పు రైలెక్కితే దిగి వెనక్కొస్తాను. ఇక్కడ కుడికి తిప్పండి."

ఆయన తిప్పారు.